ఐదు వేల డాలర్ల పంచాయితీ

ఒకావిడ పర్సు పోయింది. కాజేసింది ఎదురుగా నిలబడ్డ ఇద్దరు కుర్రాళ్ళేనని దావా. పర్సులో ఏమేం ఉన్నాయో చెప్పమంది జడ్జి. ఆవిడ ఒక్కొక్కటే చెప్పుకుంటూ ఇయర్‌పీస్ దగ్గరికి వచ్చేసరికి కుర్రాళ్ళలో ఒకడు ఉండబట్టలేక, అందులో ఇయర్‌పీస్ లేదు మేడమ్ అనేశాడు. జడ్జి నవ్వాపుకోలేకపోయింది, ఆ నవ్వులోనే తీర్పూ చెప్పేసింది. మొత్తం విచారణకి అర నిమిషం కూడా పట్టలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడానికి ఇంతకంటే మంచి వీడియో దొరకదు.

ఆ జడ్జి జుడిత్ షైండ్లిన్. షో పేరు 'జడ్జ్ జూడీ'. 1996 సెప్టెంబరు 16న మొదలై 2021 జులై దాకా 25 సీజన్లు నడిచింది. ఈవిడ నోటి దురుసు జగమెరిగినదే. ఆ నోట్లో పడటానికి జనం తమంతట తామే విమానమెక్కి ఎందుకు వచ్చేవాళ్ళో తెలిస్తే గానీ షో అర్థం కాదు. దానికి జవాబు తెర మీద కనపడదు, వాళ్ళు సంతకం పెట్టిన కాగితాల్లో ఉంటుంది.

ముందుగా ఒక సంగతి. అది కోర్టు కాదు. లాస్ ఏంజెలెస్‌లోని సన్‌సెట్ బ్రాన్సన్ స్టూడియోలో వేసిన సెట్టు. వెనక బల్లల మీద కూర్చుని తలలూపే జనం డబ్బు తీసుకుని వచ్చిన ఎక్స్‌ట్రాలు. నల్ల గౌను, దానికి తెల్ల లేసు కాలరు, చెక్క సుత్తి అన్నీ ఉన్నా, చట్టం దృష్టిలో ఆవిడ అక్కడ జడ్జి కాదు, ఆర్బిట్రేటరు. ఇరుపక్షాలూ ముందే ఒప్పుకుని పెట్టుకున్న పెద్దమనిషి. మన ఊళ్ళో రచ్చబండ మీద కూర్చునే పెద్దకీ ఈవిడకీ తేడా ఏమిటంటే, ఇక్కడ ఒప్పందం కాగితం మీద ఉంటుంది, ఆ కాగితాన్ని అసలు కోర్టులు కూడా గౌరవిస్తాయి.

కేసు అక్కడిదాకా ఎలా చేరేదో చూద్దాం. అమెరికాలో చిన్న మొత్తాల దావాలకి స్మాల్ క్లెయిమ్స్ కోర్టులు వేరే ఉంటాయి. అక్కడి ఫైళ్ళు ఎవరైనా చూడొచ్చు. షో తరఫున పరిశోధకులు ఆ ఫైళ్ళు తిరగేసి, కాస్త రసవత్తరంగా ఉన్నవాటిని ఏరి, వాది ప్రతివాదులిద్దరికీ ఉత్తరాలు రాసేవాళ్ళు. షో చూసి తామే రాసుకునేవాళ్ళూ ఉండేవాళ్ళు. ఇద్దరూ ఒప్పుకోవాలి, ఒక్కరు కాదన్నా కుదరదు. ఒప్పుకున్నాక అసలు కోర్టులో ఉన్న దావాని వెనక్కి తీసుకుంటారు, ఆర్బిట్రేషన్ ఒప్పందం మీద సంతకం పెడతారు. విమానం టికెట్టు, హోటలు, వచ్చినందుకు కొంత సొమ్ము నిర్మాతలే ఇస్తారు. తీర్పు గరిష్ఠంగా 5,000 డాలర్లు.

ఇక అసలు మెలిక. ఆ తీర్పు సొమ్ము ఓడినవాడు కట్టడు. నిర్మాణ సంస్థ కడుతుంది.

ఈ ఒక్క ముక్క తెలిశాక షో మొత్తం కొత్తగా కనపడుతుంది. గెలిస్తే వాదికి డబ్బు ఖాయం. అసలు కోర్టులో గెలిచినా వసూలు చేసుకోవడం ఎంత తలనొప్పో అతనికి తెలుసు. ప్రతివాదికి బాకీ తీరిపోతుంది, పైగా హాలీవుడ్ చూసి రావచ్చు. ఇద్దరూ జేబుల్లో చెయ్యి పెట్టకుండా బయటపడతారు. వాళ్ళు ఇచ్చేదల్లా పది నిమిషాల పాటు కోటి మంది ముందు తిట్లు తినడం. ఆ షో బాగా ఆడిన రోజుల్లో రోజుకి కోటి మంది పైనే చూసేవాళ్ళు, అందుకే అంకె అలా వేశాను. జడ్జి ఎంత కటువుగా ఉన్నా ఎవరి కడుపూ మాడదు. అందుకే చూసేవాళ్ళకీ జాలి పుట్టదు. నిజంగా అద్దె కట్టలేని మనిషి ఇంట్లో గిన్నెలు జప్తు చేయిస్తూ అలా వెటకారం చేస్తే చూడగలమా?

ఈ పద్ధతి ఈవిడ కనిపెట్టింది కాదు. 1981లో 'ది పీపుల్స్ కోర్ట్' మొదలైంది. లాస్ ఏంజెలెస్ సుపీరియర్ కోర్టులో జడ్జిగా రిటైరైన జోసెఫ్ వాప్నర్ అందులో కూర్చున్నారు. అంతకు ముందు టీవీ కోర్టులంటే నటులు వేసే నాటకాలే. నిజం మనుషుల్ని, నిజం తగాదాల్ని, కట్టుబడి ఉండాల్సిన ఆర్బిట్రేషన్‌నీ కలిపి తీసుకొచ్చింది ఆ షోనే. అప్పట్లో కాలిఫోర్నియా స్మాల్ క్లెయిమ్స్ పరిమితి 1,500 డాలర్లు. వాప్నర్ తాతయ్యలా మాట్లాడేవారు, వినేవారు, లోపలికెళ్ళి ఆలోచించి వచ్చి చెప్పేవారు. 1993కి ఆ షో ఆగింది. మళ్ళీ 1997లో న్యూయార్క్ మాజీ మేయరు ఎడ్ కాచ్‌ని కూర్చోబెట్టి మొదలుపెట్టారు. జూడీని 1982లో జడ్జిగా నియమించింది ఆ కాచే. ఆయన తర్వాత అదే కుర్చీలో కూర్చున్నది జూడీ భర్త జెర్రీ షైండ్లిన్. ఊరు చిన్నది అంటాం కదా, అలాంటిదే.

షైండ్లిన్ 1942లో బ్రూక్లిన్‌లో పుట్టారు. 1965లో లా పట్టా, 1972 నుంచి ఫ్యామిలీ కోర్టులో బాలనేరస్థుల కేసుల ప్రాసిక్యూటరు, 1982లో జడ్జి, 1986 నుంచి మాన్‌హాటన్‌లో పర్యవేక్షక జడ్జి. ఆ కోర్టులో ఆవిడ తీరు గురించి 1993లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ రాసింది, వెంటనే టీవీలో '60 మినిట్స్' వార్తా కార్యక్రమం వాళ్ళు చూపించారు. 1996లో రిటైరయ్యేసరికి ఇరవై వేలకి పైగా కేసులు విన్నారని చెబుతారు. ఈ లెక్క ముఖ్యం. పిల్లల్ని వదిలేసిన తండ్రులు, స్కూలు ఎగ్గొట్టిన పిల్లలు, తాగొచ్చిన తల్లులు రోజంతా అబద్ధాలు చెప్పే గదిలో పధ్నాలుగేళ్ళు కూర్చుంటే అబద్ధం మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది. టీవీలో కనపడింది ఆ అలవాటే. పక్కన కాగితాలు అందించే పొడవాటి బేలిఫ్, పీట్రీ హాకిన్స్ బర్డ్ కూడా ఆవిడ పాత కోర్టు మనిషే. మన కోర్టుల్లో డఫేదారు లాంటివాడు. కేసు నడుస్తుంటే నింపాదిగా పదకేళి నింపుకునే ఆ మొహం లేకపోతే ఈవిడ కోపానికి సగం తాళం తప్పేది.

అరగంట స్లాటులో ప్రకటనలు తీసేస్తే మిగిలేది ఇరవై చిల్లర నిమిషాలు, మామూలుగా రెండు కేసులు. ఫిర్యాదు, దానికి జవాబు ఆవిడ ముందే చదువుకుని వస్తుంది. వాది ప్రతివాదులు నిలబడే మాట్లాడాలి, లాయర్లు ఉండరు. మొదటి ప్రశ్నలు విసుగు పుట్టించేంత మామూలువి: ఎప్పటినుంచి పరిచయం, ఏ నెలలో ఇంట్లోకి దిగారు, ఎవరి పేరు మీద లీజు, ఆ రోజు ఉద్యోగం ఉందా. ఊరికే అడిగినట్టుంటుంది గానీ, తేదీల వరస కుదిరిందంటే సగం తీర్పు తయారైనట్టే. జనవరిలో ఉద్యోగం పోయిందన్నవాడు ఫిబ్రవరిలో తీసుకున్న అప్పు జీతంలోంచి కడతాననుకున్నానంటే ఇక అతను చెప్పే తక్కిన కథ ఎవరు నమ్ముతారు?

అన్నిటికంటే ఎక్కువగా వచ్చే తగాదా మనకి బాగా తెలిసిందే: చేబదులు. ప్రేమలో ఉన్నప్పుడు డబ్బిచ్చారు, విడిపోయాక అప్పన్నారు. అవతలివాళ్ళు కానుకంటారు. కాగితం లేదు. ఇక్కడ ఆవిడ చూసేవి మూడు. డబ్బు చేతులు మారే ముందు తిరిగివ్వాలన్న మాట ఉందా? ఒక్కసారైనా, యాభై డాలర్లయినా తిరిగి కట్టారా? కడితే అది కానుక కాదని ప్రతివాదే ఒప్పుకున్నట్టు. డబ్బు దేనికి పోయింది? బెయిలు కోసమో, కారు డౌన్ పేమెంటుకో అయితే అప్పు వైపు మొగ్గు. కలిసి కాపురం చేసినన్నాళ్ళ అద్దె, కూరగాయలు, కరెంటు బిల్లు అయితే ముఖం మీదే కొట్టిపారేస్తుంది. పెళ్ళి కాకుండా కలిసి బతికినవాళ్ళ ఇంటిఖర్చుల లెక్క తేల్చడం కోర్టు పని కాదన్నది ఆవిడ గట్టి నమ్మకం. మన దగ్గర ప్రోనోటు రాయించుకుని, రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెట్టించుకుని, మూడేళ్ళు దాటకుండా వెనకవైపు కొంత ముట్టినట్టు చెల్లు వేయించుకునే పెద్దవాళ్ళు ఈ షో చూస్తే ఆ అమెరికా వాళ్ళ అమాయకత్వానికి నవ్వుకుంటారు. ఆ చెల్లు చేసే పనే అక్కడ ఆ యాభై డాలర్లు చేస్తాయి.

రెండో రకం, వస్తువు పాడైన కేసులు. ఇక్కడ ఓడేవాళ్ళు దాదాపు అందరూ ఒకే తప్పు చేస్తారు. రెండేళ్ళు వాడిన ఫోనుకి కొత్తదాని ధర అడుగుతారు. పాత కారుని గుద్దితే రిపేరు అంచనా కాగితం తెస్తారు. ఆవిడ పాత కార్ల ధరలు చెప్పే కెల్లీ బ్లూ బుక్‌లో ఆ కారు విలువ చూస్తుంది. అంచనా 3,000 డాలర్లు, కారు విలువే 1,200 అయితే వచ్చేది 1,200. అంతకు మించి అడిగితే, పోయినదాని కంటే మెరుగైన కారు ఇప్పించమన్నట్టు. నష్టం పూడ్చాలి గానీ లాభం రాకూడదనే సూత్రం ఇది. ఆ సూత్రం పేరు ఆవిడ చెప్పదు, కారు ధర చదువుతుంది అంతే. పాడవకముందు తీసిన ఫొటో లేదంటే ఇల్లు ఖాళీ చేసిన కేసుల్లో పని అయిపోయినట్టే: మరక ముందునుంచీ ఉందని అవతలివాడంటాడు, కాదనడానికి ఏముంది?

మూడోది వినికిడి సాక్ష్యం. 'వాళ్ళ అక్క నాతో చెప్పింది...' అని ఎవరైనా మొదలుపెట్టారా, వాక్యం పూర్తవదు. అక్క వచ్చిందా? రాలేదా? అయితే అక్క ఏమందో అనవసరం. నోటరీ చేయించిన ఉత్తరం తెచ్చినా ఫలితం లేదు, ఉత్తరాన్ని ఎదురు ప్రశ్న అడగలేం కదా. నిజానికి ఆర్బిట్రేషన్‌లో సాక్ష్య నియమాలు ఇంత బిగువుగా పాటించనక్కర్లేదు. ఆవిడ పాటించేది టైము కోసం. పది నిమిషాల్లో తేలాలంటే గదిలో లేని మనుషుల్ని బయటే ఉంచాలి.

నాలుగోది ప్రతిదావా. దావా పడగానే చాలామంది కోపంతో తిరిగి ఒకటి వేస్తారు: వేధింపు, పరువు నష్టం, మనస్తాపం, ఇక్కడికి రావడానికి పోయిన జీతం. వీటికి రసీదు ఉండదు, అందుకే రెండు నిమిషాల్లో కొట్టేస్తుంది. పైగా బలహీనమైన ప్రతిదావా వేసినవాడి అసలు వాదన మీద కూడా నమ్మకం తగ్గుతుంది. ఇది అసలు కోర్టుల్లోనూ అంతే.

ఇవన్నీ చదివితే ఏదో లెక్కల మాస్టారి వ్యవహారంలా ఉంది కదా. అదే నా మాట. తిట్లు పైన చల్లిన కారం. లోపల ఉన్నది లెక్క: తేదీ, రసీదు, విలువ. అది తేలే క్షణం కళ్ళకు కనపడుతుంది, అందుకే జనం ఛానెల్ మార్చరు. కుక్కపిల్ల కేసు చూడండి. అది నాదంటే నాదని ఇద్దరి తగాదా. మాటలు విని విని జడ్జి కుక్కని లోపలికి తెప్పించి, కింద వదలమంది. వదిలీ వదలగానే అది తోకాడించుకుంటూ పరుగెత్తి అసలు యజమాని మీదికి ఎగబాకింది. కేసు అయిపోయింది. మర్యాద రామన్న తీర్పుల్లో ఉండే సుఖం అది, సాక్షిని తయారుచేయక్కర్లేకుండా నిజమే నడిచి రావడం. వాయిదాల మధ్య బతికే మనకి దాని రుచి ఇంకా బాగా తెలుస్తుంది.

ఆవిడ లెక్క ఆవిడకీ బాగానే తెలుసు. ఏడాదికి 52 రోజులు షూటింగు, సుమారు 260 ఎపిసోడ్లు, అంటే రోజుకి ఐదు. జీతం ఏడాదికి 4.7 కోట్ల డాలర్లు. భాగిస్తే షూటింగు రోజుకి తొమ్మిది లక్షల డాలర్ల పైమాటే. మూడేళ్ళకోసారి పంపిణీ సంస్థ పెద్దతో భోజనానికి వెళ్ళి, తనకి కావలసింది రాసిన కవరు చేతికిచ్చేదట. బేరం లేదు. ఈ వివరం ఒక కేసులో ఆవిడ ఇచ్చిన వాంగ్మూలంలోనే బయటపడింది.

తప్పులూ ఉన్నాయి. వాప్నరే ఈవిడ తీరు వృత్తికి తలవంపులని బాహాటంగా అన్నారు. న్యాయశాస్త్ర పరిశోధకురాలు కింబర్లియాన్ పోడ్లాస్ 2002లో ప్రచురించిన అధ్యయనం ఇంకో చిక్కు చూపించింది: ఈ షోలు తరచుగా చూసేవాళ్ళు జ్యూరీలో కూర్చుంటే, జడ్జి మధ్యలో ప్రశ్నలు వేయాలనీ, తన అభిప్రాయం పైకి కనపడనివ్వాలనీ ఆశిస్తారు, జడ్జి మౌనంగా ఉంటే కక్షిదారుని నమ్మినట్టే అనుకుంటారు. అసలు జడ్జి పని సగం మౌనమే, ఆ మౌనాన్ని అర్ధాంగీకారంగా చదివితే కొంప మునుగుతుంది. అమెరికా పట్టభద్రుల మీద జరిపి 2016లో విడుదల చేసిన ఒక సర్వేలో దాదాపు పది శాతం మంది జడ్జ్ జూడీ సుప్రీంకోర్టులో ఉన్నారని టిక్కు పెట్టారు.

ఒకసారి ఆవిడ గీత దాటింది కూడా. డబ్బు తగాదాకని వచ్చిన మాజీ జంట కేసులో పిల్లల సంరక్షణ, చూసే హక్కుల గురించి కూడా ఆదేశం ఇచ్చేసింది. తర్వాత న్యూయార్క్ ఫ్యామిలీ కోర్టు ఆ భాగాన్ని కొట్టేసింది. బిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్నది ఆర్బిట్రేటరు తేల్చే విషయం కాదు. మన దగ్గరా అంతే: 2011లో బూజ్ అలెన్ కేసులో సుప్రీంకోర్టు వివాహ వివాదాలు, సంరక్షకత్వం వంటివి ఆర్బిట్రేషన్‌కి వెళ్ళవని చెప్పింది.

సరిగ్గా ఇక్కడే మన టీవీ పంచాయితీలు తలకిందులుగా నడిచాయి. కిరణ్ బేడీతో స్టార్ ప్లస్‌లో 2008లో వచ్చిన 'ఆప్ కీ కచెహరీ' కొంతవరకు జూడీ బాటే. తెలుగులో జీవిత చేసిన 'బతుకు జట్కా బండి' మాత్రం మొగుడూ పెళ్ళాల గొడవలు, రెండో సంసారాలు, పారిపోయిన పిల్లల మీద నడిచింది. జూడీ జోలికి వెళ్ళకూడనిదే మనవాళ్ళకి ముడిసరుకు, జూడీకి బతుకుతెరువైన అప్పూ అద్దే మనవాళ్ళకి పట్టవు. అక్కడ చెప్పేది తీర్పు కాదు, చట్టబలం సున్నా. జూడీ షోలో పోయేది పది నిమిషాల పరువు. ఇక్కడ రేపు అదే వీధిలో, అదే అత్తారింట్లో బతకాలి. తమిళంలో ఇలాంటిదే అయిన 'సొల్వదెల్లాం ఉన్మై'ని 2018లో మద్రాసు హైకోర్టు మదురై బెంచి తాత్కాలికంగా ఆపించింది. చిన్న బాకీ తగాదా నిజంగా రాజీతో తేలాలంటే మన దగ్గర లోక్ అదాలత్ ఉంది. 1987 చట్టం 21వ సెక్షన్ ప్రకారం దాని అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు లేదు, కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. కాకపోతే ఇద్దరూ రాజీపడాలి, అక్కడెవరూ కేకలు వేయరు, కాబట్టి టీవీకి పనికిరాదు.

డాలస్‌లోనో జెర్సీలోనో నలుగురు కలిసి అపార్ట్‌మెంటు తీసుకునే మన పిల్లలకి మాత్రం ఈ షో ఉచిత పాఠం. లీజు ఒకడి పేరు మీద, అడ్వాన్సు నలుగురిదీ, ఒకడు మధ్యలో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతాడు. గొడవ అక్కడే. జెల్ (బ్యాంకు ఖాతాల మధ్య డబ్బు పంపే అమెరికా యాప్) లో డబ్బు పంపేటప్పుడు మెమోలో 'ఏప్రిల్ అద్దె', 'అడ్వాన్సులో నా వాటా' అని ఇంగ్లీషులో రాయండి, ఎమోజీ కాదు. ఇంట్లో దిగిన రోజే ప్రతి గోడా, కార్పెట్టూ, ఓవెన్ లోపలా వీడియో తీసి ఓనరుకి మెయిల్ చేయండి, తేదీ దానంతటదే పడుతుంది. ఖాళీ చేశాక కొత్త చిరునామా రాతపూర్వకంగా ఇవ్వండి. టెక్సస్‌లో అది ఇచ్చేదాకా ఓనరు అడ్వాన్సు తిరిగివ్వనక్కర్లేదు. కాలిఫోర్నియాలో 21 రోజులు, టెక్సస్, న్యూజెర్సీల్లో 30 రోజుల్లో అడ్వాన్సు గానీ, కోతల వివరం గానీ రావాలి. రాకపోతే డిమాండు లెటరు, ఆపైన దావా. చిన్న దావాల కోర్టు పరిమితి కాలిఫోర్నియాలో వ్యక్తులకి 12,500 డాలర్లు, టెక్సస్ జస్టిస్ కోర్టుల్లో 20,000, న్యూజెర్సీ స్మాల్ క్లెయిమ్స్‌లో 5,000. వాట్సాప్ సంభాషణ ఫోన్లో చూపిస్తానంటే కుదరకపోవచ్చు. తేదీలు, నంబర్లు కనపడేలా మూడు కాపీలు ప్రింటు తీయండి: జడ్జికి, అవతలివాళ్ళకి, మీకు. చాటు తెలుగులో ఉంటే పక్కన ఇంగ్లీషు అనువాదం పెట్టండి.

అసలు కోర్టులో గెలిచాక చెక్కు స్టూడియో నుంచి రాదు, అవతలివాడి నుంచి మీరే రాబట్టుకోవాలి. టెక్సస్‌లో అయితే ఇలాంటి మామూలు బాకీకి జీతం కూడా జప్తు చేయించలేరు. బ్యాంకు ఖాతా మీదికి వెళ్ళాలి. అందుకే దావా వేసేముందే అతను మీకు పంపిన పాత చెక్కు ఏదైనా ఉంటే వెతికి పెట్టుకోండి, బ్యాంకు పేరు దాని మీదే ఉంటుంది.